వీటికి ఇసుక లేదేంటి నాన్నా?

పేరు, ఊరు బయటపెట్టవద్దంటూ ఒక తండ్రి పంపిన ఉత్తరం ఇది. చేత్తో రాసిన నాలుగు పేజీలు. సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆయన వయసు 41. సిగరెట్ 22 ఏళ్లప్పుడు మొదలైంది. ఒకప్పుడు రోజుకో పెట్టె ఖాళీ అయ్యేది. కూతురు పుట్టాక తగ్గించుకుంటూ వచ్చి ఇప్పుడు ఐదు దగ్గర ఆగారు. ఆఫీసు పార్కింగులో మూడు, ఇంటికొచ్చే దారిలో కారు అద్దాలు దించుకుని ఒకటి, రాత్రి అందరూ పడుకున్నాక మేడ మీద ఒకటి. అవీ 'లైట్' రకమేనట. భార్యకు తెలుసు. తగ్గించారు కదా అని ఆమె ఊరుకుంది. తొమ్మిదేళ్ల కూతురికి మాత్రం తెలియదు.

రెండేళ్లుగా ఆయన ప్రతి ఆదివారం సముద్రపు ఒడ్డు శుభ్రం చేసే బృందంతో వెళ్తున్నారు. పాపా వెంట వస్తుంది. గ్లోవ్స్ వేసుకుని సిగరెట్ పీకలు ఏరడం ఆమె పని. ఎన్ని ఏరిందో లెక్క కూడా రాసుకుంటుంది. ఒకరోజు 412 అయ్యాయట. ఆ అంకె విన్నాక సిగ్గేసి, తన పీకలు ఎక్కడా పారేయకుండా అరచేతిలో పట్టే రేకు డబ్బా ఒకటి జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టారు. "కనీసం ఈ ఒక్క పనైనా సరిగ్గా చేస్తున్నానని లోపల గర్వంగా ఉండేది" అని రాశారు.

పోయిన నెల ఆ డబ్బా కారులో పాప కంటపడింది. మూత తీసి, "ఇవెవరివి?" అంది. "ఆదివారం ఏరినవే, అక్కడ పడేయడం మర్చిపోయాను" అన్నారీయన. పాప డబ్బాని కాస్త వంచి చూసి, "మరి వీటికి ఇసుక లేదేంటి నాన్నా?" అంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. తర్వాత రెండు ఆదివారాలు మాత్రం కాళ్లు నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది.

పాపకు నిజం చెప్పాలా, లేక పూర్తిగా మానేశాక చెబితే మేలా అన్నది ఆయన ప్రశ్న. రోజుకు ఐదుతో నిజంగా అంత ముప్పుందా? పీకలు పారేయడం లేదు కాబట్టి ప్రకృతికి తన వల్ల నష్టం లేదనుకోవచ్చా? స్నేహితుడు వేప్‌కు, అంటే ఈ-సిగరెట్‌కు మారమంటున్నాడు, మారొచ్చా? ఇంతకుముందు రెండుసార్లు మానారు. ఒకసారి తొమ్మిది రోజులు, ఒకసారి నెలన్నర. చివర్లో ఒక వాక్యం విడిగా రాశారు: "ఆ డబ్బా ఇప్పుడు నా బీరువాలో ఉంది. దాన్నేం చేయమంటారు?"

మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసింది పాప అడిగిన ఆ ప్రశ్నే. అంత చిన్న పిల్ల ఎంత జాగ్రత్తగా చూసిందో గమనించారా? రెండేళ్లుగా ఇసుకలోంచి పీకలు ఏరుతున్న చేతులవి. తడిసి ఉబ్బినవి, ఎండకు తెల్లబడినవి, గవ్వముక్కలు అంటుకున్నవి అన్నీ ఆ చేతుల్లోంచి పోయాయి. మీ డబ్బాలోవి పొడిగా, ఒకే సైజులో, ఒకే రకం. ఆమెకు తేడా తెలియకుండా ఎలా ఉంటుంది? మీరేం జవాబిచ్చారో రాయలేదు. ఏమీ చెప్పి ఉండరనుకుంటాను.

ఇక్కడ నా సొంత గోల ఒకటి. మా నాన్న ఇంటికి రాగానే నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్లేవారు. నోరు కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే మమ్మల్ని దగ్గరికి తీసుకునేవారు. ఎందుకో పిల్లలందరికీ తెలుసు. మాకు తెలుసన్న సంగతి ఆయనకొక్కరికే తెలియదు. మీ పాపకు ఎంతవరకు అర్థమైందో నేను చెప్పలేను. కానీ ఆమెకు ఏమీ తెలియదన్న లెక్క మీద ఏ నిర్ణయమూ తీసుకోకండి.

మీరు రెండు పనుల్ని ఒకే ముడి వేసి కూర్చున్నారు. నిజం చెప్పడం ఒకటి, సిగరెట్ మానడం ఇంకొకటి. మానేదాకా చెప్పకూడదనుకున్నారు, మానడమేమో ఎప్పటికవుతుందో తెలియదు. అలా రెండూ కదలకుండా ఆగిపోయాయి. ముడి విప్పి విడివిడిగా చూద్దాం. అంతకంటే ముందు ఆ ఐదు సిగరెట్ల సంగతి, డబ్బా సంగతి తేల్చాలి. మీకు ధైర్యమిస్తున్నవి ఆ రెండే.

పెట్టె నుంచి ఐదుకు రావడం చిన్న విషయం కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్ని కాల్చారు, ఎన్నేళ్లు కాల్చారు అన్నదాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఆ వైపు మీకు కొంత మేలు జరిగే ఉంటుంది. గుండె లెక్క వేరు. ఎన్నో అధ్యయనాల్ని కలిపి చూసి 2018లో వేసిన ఒక అంచనా ప్రకారం, రోజుకు ఇరవై కాల్చేవారికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, అందులో దాదాపు సగం రోజుకు ఒక్కటి కాల్చేవారికీ పెరుగుతుంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడానికి, రక్తం గడ్డకట్టే గుణం పెరగడానికి కొద్దిపాటి పొగే చాలు. పైగా పొగలోని కార్బన్ మోనాక్సైడ్, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇరవై నుంచి ఐదుకు వచ్చినందుకు ముప్పూ నాలుగోవంతుకు పడిపోయిందని మీరనుకుంటున్నారు. గుండె ఆ లెక్క ఒప్పుకోదు.

తగ్గించినవాళ్లు తెలియకుండా చేసే పని ఇంకోటుంది. దొరికిన ఆ ఒక్కదాన్నే గట్టిగా, లోపలికంటా లాగుతారు. ఒంటికి అలవాటైన నికోటిన్ ఎలాగోలా రాబట్టుకోవాలి కదా. 'లైట్' రకంలో జరిగేదీ ఇదే. ఫిల్టర్ చుట్టూ కంటికి ఆనని సన్నటి రంధ్రాలుంటాయి. పరీక్ష చేసే యంత్రం పీల్చినప్పుడు వాటిలోంచి గాలి కలిసి అంకె తక్కువ చూపిస్తుంది. మనిషి పీల్చేటప్పుడు వేళ్లో పెదవులో ఆ రంధ్రాల్ని మూసేస్తాయి, లాగే దమ్మూ పొడవవుతుంది. అందుకే లైట్, మైల్డ్ లాంటి పేర్లు పెట్టెల మీద వాడకూడదని చాలా దేశాలు నిషేధించాయి. 1950ల్లో పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధం బయటపడి జనం భయపడుతున్నప్పుడు కంపెనీలు ఫిల్టర్‌ను రక్షణ కవచంలా అమ్ముకున్నాయి. అది సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. దూదిలా కనిపిస్తుందంతే. ఒకటి విప్పి చూడండి, పలచటి దారపు పోగులు వేలల్లో ఉంటాయి. మిమ్మల్ని కాపాడలేకపోయిన వస్తువే, ఇసుకలో ఏళ్ల తరబడి కరగకుండా మీ పాప చేతికి వస్తోంది.

పీకను పారేయకపోవడం వల్ల మేలు లేదా? ఉంది. ప్రపంచంలో ఏటా దాదాపు 4.5 లక్షల కోట్ల పీకలు నేల మీదా నీళ్లలోనూ పడుతున్నాయని అంచనా. కాల్చిన పీక ఒకటి లీటరు నీళ్లలో నానేసి, ఆ నీళ్లలో చేపల్ని వదిలితే నాలుగు రోజుల్లో సగం చచ్చిపోయాయని 2011లో ఒక ప్రయోగంలో తేలింది. అంటే రోజుకు ఐదు చొప్పున ఏడాదికి 1,825 పీకలు మీరు నీళ్లలో కలవకుండా ఆపుతున్నారు. అది నిజమే, కాదనను.

అయితే సిగరెట్ వల్ల జరిగే నష్టం మీ వేళ్ల మధ్యకు రాకముందే చాలావరకు జరిగిపోతుంది. ఒక్క సిగరెట్ తయారై, కాలి, చెత్తలో కలిసేదాకా దాదాపు 3.7 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని లెక్కగట్టారు. అంటే మీ డబ్బాలో రోజూ పద్దెనిమిది లీటర్ల పైచిలుకు పడుతోంది. ఏటా పొగాకు కోసం 60 కోట్ల చెట్లు పోతున్నాయని, 8.4 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఆకును ఆరబెట్టడానికి కట్టెలు కాల్చే బ్యారన్లే ఎన్నో. పచ్చి ఆకు కోసేవాళ్లకు, ముఖ్యంగా ఆకు మంచుకో వానకో తడిసి ఉన్నప్పుడు, నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి పోయి వాంతులు, తల తిరగడం వస్తాయి. జీవితంలో ఒక్క దమ్ము కూడా కొట్టనివాళ్లకూ ఈ బాధ తప్పదు. ఇవేవీ రేకు డబ్బాలో పట్టవు. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇదంతా రాయడం లేదు. ఆ డబ్బా మనసు బరువు కొంత దించేసింది. అందుకే మానాలన్న తొందర కూడా కొంత తగ్గిందేమో ఆలోచించండి.

కారు గురించి రెండు మాటలు. అద్దాలు దించినా పొగంతా బయటికి పోదు. సీటు గుడ్డకు, పైకప్పుకు, బెల్టుకు పట్టుకుంటుంది. అలా అంటుకున్న నికోటిన్ గాల్లోని నైట్రస్ ఆమ్లంతో కలిసి నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలుగా మారుతుందని 2010లో పరిశోధకులు చూపించారు. పొద్దున్నే ఆ సీట్లో మీ పాప కూర్చుంటుంది. ఈ ఐదింటిలో ఏదో ఒకటి రేపే మానగలిగితే, కారులోది మానేయండి.

ఇక చెప్పడం సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది మీకు నచ్చినది: ముందు మానేసి తర్వాత చెప్పడం. చెప్పే రోజున తలెత్తుకుని చెప్పొచ్చు, పాప కూడా సంతోషిస్తుంది. కానీ ఒక్క ప్రయత్నంతో మానేవాళ్లు తక్కువ. ఏ సాయమూ లేకుండా మానాలని చూసేవాళ్లలో ఏడాది తర్వాత నిలబడేది నూటికి ముగ్గురో అయిదుగురో. మధ్యలో ఒకసారి జారారనుకోండి, చెప్పే రోజు ఇంకో ఆరు నెలలు వెనక్కి పోతుంది. అన్నాళ్లూ ఆమె మనసులో ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. దాచుకుని మానడంలో ఇంకో కష్టం, చిరాకొచ్చినప్పుడు ఎందుకొచ్చిందో ఇంట్లో చెప్పుకోలేరు. పాపకు కనిపించేది ఊరికే విసుక్కునే నాన్న.

రెండోది, ఏమీ చెప్పకుండా కాలానికి వదిలేయడం. పిల్లలు మర్చిపోతారని పెద్దవాళ్లకో నమ్మకం. నాకైతే ఆ నమ్మకం లేదు. ఆమె ఈసారి వాళ్లమ్మను అడిగితే? అప్పుడు మీ భార్య మీ అబద్ధాన్ని మోయాలి, లేదా మీరు లేనప్పుడు నిజం చెప్పేయాలి. రెండూ ఆమెకు అన్యాయమే. ఈ దారే పట్టాలనుకుంటే కనీసం భార్యతో ముందే మాట్లాడుకోండి.

మూడోది, ఇంకా కాలుస్తూ ఉండగానే చెప్పేయడం. నా మొగ్గు ఇటే. అలాగని ఇదేమీ సులువు కాదు. పాపకు కోపం రావచ్చు. ఏడవొచ్చు. రెండేళ్లుగా తను వంగి వంగి ఏరినవి మీలాంటివాళ్లు పడేసినవేనని అర్థమైనప్పుడు ఆదివారాల మీదే మనసు విరగొచ్చు. మర్నాటి నుంచి మీ జేబులు వెతకొచ్చు. అన్నిటికంటే కష్టమైనది ఒకటుంది. "నువ్వు చచ్చిపోతావా నాన్నా?" అని అడగొచ్చు. జవాబు ముందే ఆలోచించుకోండి. "ఏం కాదులే" అంటే అది ఇంకో అబద్ధం. పొగాకు అంకెలన్నీ చెబితే భయపడిపోతుంది. "దీనివల్ల జబ్బులొస్తాయి, అందుకే మానడానికి డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను" అంటే చాలు. అది నిజమయ్యేలా ముందు ఆ అపాయింట్‌మెంట్ తీసుకోండి.

చెప్పేటప్పుడు పొడుగ్గా వద్దు. "ఇసుక ఎందుకు లేదని అడిగావు కదా. అవి నావి. ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను." అంతే, ఆగండి. టెన్షన్ వల్ల అలవాటైందనీ, చాలా తగ్గించాననీ వెంటనే మొదలుపెట్టకండి. ఆమె వంతు రానివ్వండి. ఎంతసేపు పట్టినా ఫరవాలేదు. ఒట్టు వేయకండి. ఎప్పుడు జారతారో మీకే తెలియదు, ఒట్టు తప్పితే ఈసారి రెండు అబద్ధాలవుతాయి. ఆమెను కాపలాదారుని కూడా చేయకండి. 'నువ్వే నన్ను మానిపించాలి' అని పిల్లలతో ముద్దుగా అంటుంటారు చాలామంది. మీరు మానలేకపోతే తన వల్లే కాలేదని ఆ పిల్ల అనుకుంటుంది. తొమ్మిదేళ్లకు అంత బరువెందుకు?

మానడం గురించి. మీ రెండు ప్రయత్నాల్నీ ఓటమి అని రాశారు. నాకు అవి రెండు వేరు వేరు కథల్లా కనిపిస్తున్నాయి. తొమ్మిదో రోజున పడిపోయింది ఒంటి ఆకలితో. నికోటిన్ మానాక మొదటి వారం అన్నిటికంటే గడ్డుది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. నెలన్నరప్పుడు మాత్రం, మీరే రాసినట్టు, ఆఫీసులో పెద్ద గొడవై తిన్నగా పార్కింగుకు నడిచారు. అప్పటికి ఒంట్లో నికోటిన్ లేదు. కాళ్లు పాత దారిలో నడిచాయి. మొదటిదానికి మందుంది. రెండోదానికి ముందే వేసుకున్న ప్లాన్ కావాలి.

మందులంటే నికోటిన్ గమ్, ప్యాచ్, లేదా డాక్టర్ రాసిచ్చే వరెనిక్లిన్, బుప్రోపియాన్ లాంటివి. మూర్ఛ వచ్చినవాళ్లకు బుప్రోపియాన్ పనికిరాదు. కాబట్టి మీ పాత జబ్బులన్నీ డాక్టర్‌కు చెప్పండి. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారని డాక్టర్ అడగవచ్చు, గమ్ మోతాదు దాన్ని బట్టి ఉంటుంది. గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచి, ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. మందుతోపాటు కౌన్సెలింగ్ కూడా ఉంటే నిలబడే అవకాశాలు బాగా పెరుగుతాయి. చాలామందికి తెలియని చిన్న సంగతి: పొగ మానాక ఒంట్లో కెఫీన్ మెల్లగా ఖర్చవుతుంది. రోజూ తాగేంత కాఫీయే తాగినా గుండె దడ, నిద్రలేమి ఎక్కువవుతాయి, అదంతా సిగరెట్ మానినందుకేనని అనుకుంటాం. కాఫీ సగం చేసి చూడండి. బరువు కొన్ని కిలోలు పెరగొచ్చు. దానికి భయపడి వెనక్కి వెళ్లేంత విషయం కాదు.

టెన్షన్ తగ్గడానికే కాలుస్తానని మీరన్నారు. సిగరెట్ కాల్చిన రెండు గంటలకు రక్తంలో నికోటిన్ సగానికి పడిపోతుంది, లోపల అలజడి మొదలవుతుంది. ఇంకోటి వెలిగిస్తే ఆ అలజడి పోతుంది. అంటే పోయినసారి సిగరెట్ పెట్టిన మంటను ఈసారి సిగరెట్ ఆర్పుతోంది. మానినవాళ్లను కొన్ని నెలల తర్వాత చూస్తే ఆందోళన, దిగులు తగ్గాయనే పరిశోధనలు చెబుతున్నాయి.

వేప్ అంటారా? కాలడం ఉండదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉండవు, దాంతో సిగరెట్ మానినవాళ్లూ ఉన్నారు. కానీ నికోటిన్ బానిసత్వం అలాగే ఉంటుంది. చాలామంది అదీ ఇదీ రెండూ పట్టుకుని ఊగుతారు. కొన్ని దేశాల్లో అమ్మడమే నేరం, మీరున్నచోట చట్టమేమిటో చూసుకోండి. పీకల బదులు ప్లాస్టిక్ గొట్టాలు, లిథియం బ్యాటరీలు చెత్తలో చేరతాయి. ఇంకో మాట, పాప మళ్లీ ఒకరోజు కారులో ఏదో చూసి "ఇదెవరిది?" అంటుంది.

మీ వయసుకు సరిగ్గా సరిపోయే లెక్క ఒకటి ఉంది. బ్రిటన్‌లో 1951లో మొదలుపెట్టి యాభై ఏళ్లపాటు డాక్టర్ల ఆరోగ్యాన్నే గమనించారు. ఫలితాలు 2004లో వచ్చాయి. జీవితాంతం కాల్చినవాళ్లు సగటున పదేళ్లు ముందే పోయారు. నలభై దగ్గర మానినవాళ్లకు ఆ పదిలో దాదాపు తొమ్మిదేళ్లు తిరిగొచ్చాయి. యాభైలో మానితే ఆరు. మీకు 41.

చివరిగా డబ్బా. అందులోని పీకలు పూర్తిగా ఆరిపోయాయో లేదో చూసి, మూటకట్టి మామూలు చెత్తలో వేయండి. మొక్కల ఎరువులో కలపకండి. పాపతో మాట్లాడాకే వేయండి, ముందే మాయమైతే ఆమెకు ఇంకో అనుమానం. డబ్బాని మాత్రం పారేయకండి. గమ్ మొదలుపెడితే అవసరం పడుతుంది. నమిలి ఉమ్మేసిన గమ్‌లో కూడా నికోటిన్ మిగిలే ఉంటుంది, చిన్నపిల్లల నోట్లోకి పోతే ప్రమాదం. కాగితంలో చుట్టి అందులో వేసి మూత గట్టిగా నొక్కండి. ఈసారి అందులో ఏముందని పాప అడిగితే, ఉన్నదే చెప్పొచ్చు.